జైలు చూపిస్తే దారికొస్తారా? నేరం అంచున ఉన్న పిల్లల గురించి అపోహలు - వాస్తవాలు

నేను పద్నాలుగేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు కుర్రాళ్లతో పనిచేస్తాను. కొందరి మీద ఇప్పటికే కేసులున్నాయి. ఇంకొందరు బడి మానేసి, ఏదో ఒక గ్యాంగ్ వెనక తిరగడం అప్పుడే మొదలుపెట్టినవాళ్లు. వీళ్ల గురించి తల్లిదండ్రులు, టీచర్లు, పెద్దమనుషులు నాతో అనే మాటలు కొన్ని ఉన్నాయి. మంచి మనసుతోనే అంటారు. కానీ వాటి మీద ఆధారపడి నడిపే కార్యక్రమాల వల్ల పిల్లలు నష్టపోతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఒక్కసారి జైలు చూపిస్తే బుద్ధొస్తుంది

ఇన్నేళ్లలో ఈ మాట విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు. "సార్, ఒక్కసారి లోపలికి తీసుకెళ్లండి, దెబ్బకి దారికొస్తాడు" అని కన్నతల్లే అడుగుతుంది. ఆమె టెన్షన్ నాకు తెలుసు. రాత్రి పదకొండు దాటినా ఇంటికి రాని కొడుకు కోసం గుమ్మంలో కూర్చున్న మనిషి ఆమె.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1970లలో అమెరికాలోని న్యూజెర్సీలో, రావే జైల్లో యావజ్జీవ ఖైదీలు ఇలాంటి పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, జైలు బతుకు ఎలా ఉంటుందో మీద మీదకొచ్చి అరిచి చెప్పేవారు. 'స్కేర్డ్ స్ట్రెయిట్' పేరుతో 1978లో దీని మీద డాక్యుమెంటరీ వచ్చాక ఆ పద్ధతి చాలా చోట్లకు పాకింది. అయితే 1967 నుంచి 1992 దాకా ఇలాంటి కార్యక్రమాల మీద జరిగిన 9 ప్రయోగాలను పరిశోధకులు తర్వాత ఒకచోట చేర్చి చూశారు. వాటిలో పిల్లల్ని లాటరీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపునే జైలుకు తీసుకెళ్లారు. చివరికి తేలిందేమిటంటే, జైలు చూసొచ్చినవాళ్లే చూడనివాళ్లకంటే ఎక్కువగా మళ్లీ నేరాల్లోకి వెళ్లారు. అంటే ఆ పిల్లల్ని అలా వదిలేసినా అంతకంటే మేలే జరిగేది.

ఇలా ఎందుకవుతుందో నా అనుభవంతో చెబుతాను. ఈ పిల్లలకు భయం తక్కువని మనం అనుకుంటాం. నిజానికి వాళ్లకు ఉన్నదే భయం. ఇంట్లో తాగొచ్చి కొట్టేవాడంటే భయం, పక్క వీధి గ్యాంగ్ అంటే భయం, నలుగురిలో పిరికివాడనిపించుకోవడమంటే అన్నిటికన్నా భయం. వాటిని దాచుకోవడానికే గుండె నిబ్బరం ఉన్నట్టు కనబడడం నేర్చుకుంటారు. మనం ఇంకో భయం తెచ్చి మీద పెడితే, దాన్ని కూడా అలాగే ఎదుర్కొంటారు. రెండు రోజులు మౌనంగా ఉంటారు. మూడో రోజు, ఖైదీ మీదికొచ్చినా తను కన్నార్పలేదని స్నేహితులకు గొప్పగా చెబుతారు.

అపోహ: అన్నీ తెలిసే, కావాలనే చేస్తారు

కొందరు చేస్తారు, కాదనను. కానీ నా దగ్గరికొచ్చే గొడవల్లో ఎక్కువ భాగం పది సెకన్లలో జరిగిపోయినవే. ఒక చూపు, ఒక మాట, అంతే.

షికాగోలో 'బికమింగ్ ఎ మ్యాన్' అనే కార్యక్రమంలో ఒక ఆట ఆడిస్తారు. ఇద్దరు కుర్రాళ్లను నిలబెట్టి ఒకడి చేతికి బంతి ఇస్తారు. ముప్పై సెకన్లలో దాన్ని తీసుకోమని రెండోవాడికి చెబుతారు. దాదాపు అందరూ పెనుగులాడతారు, లాక్కుంటారు. ఆట అయ్యాక, "ఊరికే అడిగి చూశావా?" అని నాయకుడు అడుగుతాడు. అప్పుడు బంతి పట్టుకున్నవాణ్ణి కదిపితే, అడిగితే ఇచ్చేసేవాణ్ణే అంటాడు. నీతిబోధ ఏమీ ఉండదు. చెయ్యి లేచేముందు ఒక్క క్షణం ఆగడం అలవాటు చేస్తారు. లాటరీ పద్ధతిలోనే పరీక్షిస్తే, కార్యక్రమం నడుస్తున్న కాలంలో హింసాత్మక నేరాలకు అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. అయితే అది ఆగిపోయాక అరెస్టుల మీద ప్రభావం నిలవలేదు. ఆ సంగతి కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే చాలామంది పది వారాల కోర్సు పెట్టి పని అయిపోయిందనుకుంటారు.

అపోహ: అందర్నీ ఒకచోట చేరిస్తే చాలు, ఏదో ఒకటి నేర్చుకుంటారు

పెద్దలు దగ్గరుండి నడపకపోతే, నేర్చుకునేది ఒకరి నుంచి ఒకరే. ఒకడు తను చేసిన దొంగతనం చెబుతాడు, మిగతావాళ్లు నవ్వుతారు. ఆ నవ్వే వాడికి బహుమతి.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో 506 మంది అబ్బాయిలతో ఒక పెద్ద ప్రయత్నం మొదలైంది. సగం మందికి సగటున ఐదేళ్లపాటు కౌన్సెలింగ్, చదువులో సాయం, వేసవి క్యాంపులు ఇచ్చారు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి చూస్తే, సాయం అందినవాళ్ల పరిస్థితే కొన్ని విషయాల్లో అధ్వానంగా ఉంది. క్యాంపులకు ఒకసారికి మించి వెళ్లినవాళ్లకు మరీ ఎక్కువ నష్టం జరిగిందని తర్వాతి విశ్లేషణలో బయటపడింది. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇంకొకటి. అడిగితే సాయం అందినవాళ్లలో మూడింట రెండొంతుల మంది, ఆ కార్యక్రమం తమకు మేలు చేసిందనే చెప్పారు. పిల్లలు సంతోషంగా వస్తున్నారు, ఫొటోల్లో నవ్వుతున్నారు అన్నది చాలదని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: ఖాళీగా ఉండబట్టే చెడిపోతున్నారు

సగం నిజం. షికాగోలోనే 2012లో పేద పేటల పిల్లలకు ఎనిమిది వారాల వేసవి ఉద్యోగం ఇచ్చి చూశారు. 16 నెలల్లో హింసాత్మక నేరాలకు అరెస్టులు 43 శాతం తగ్గాయి. ఆ తగ్గుదల ఎక్కువగా కనిపించింది ఉద్యోగం నడిచిన వారాల్లో కాదు, అది ముగిసిన తర్వాత. కాబట్టి రోడ్డు మీద తిరగకుండా ఆపడం ఒక్కటే కారణం కాదు. నా ఉద్దేశంలో, కోపమొచ్చినా మర్నాడు పనికి వెళ్లాల్సి రావడం, తప్పు చేస్తే నిలబెట్టి కొట్టకుండా ఎలా చెయ్యాలో చూపించే పెద్దమనిషి పక్కన ఉండడం, ఇవి వాడితోపాటు మిగిలిపోతాయి.

అపోహ: ఒకసారి చెడితే ఇక మారడు

అన్ని లెక్కలూ దీనికి అడ్డంగానే ఉన్నాయి. కౌమారం చివర్లో నేరాలు పతాక స్థాయికి చేరి, ఇరవైలు దాటుతుంటే తగ్గుతూ పోతాయి. 1945లో పుట్టి ఫిలడెల్ఫియాలో పెరిగిన దాదాపు పదివేల మంది మగపిల్లల్ని గమనిస్తే, నమోదైన నేరాల్లో సగానికి పైగా చేసింది కేవలం 6 శాతం మంది. నేరం నమోదైన మిగతావాళ్లలో చాలామంది ఒకటి రెండు తప్పులతో ఆగిపోయారు. వాళ్లకు దొంగ అనే ముద్ర వేయకుండా ఉండడమే మనం చేయగల పెద్ద సాయం.

అపోహ: మంచి మనసున్న ఎవరైనా మెంటర్ కావచ్చు

మెంటర్ అంటే పిల్లాడికి తోడుగా ఉండి దారి చూపే పెద్దమనిషి. దానికి మనసు ఒక్కటే సరిపోదు, ఆ మనిషి నిలబడాలి. ఏడాదికి పైగా సాగిన తోడు పిల్లలకు మేలు చేస్తుందనీ, కొన్ని నెలల్లోనే తెగిపోతే తమ మీద తమకున్న నమ్మకం ఇంకా పడిపోవచ్చనీ అధ్యయనాలు చెబుతున్నాయి. నాకిది చేదు అనుభవం. మొదట్లో ఒక కుర్రాడితో నాలుగు నెలలు పనిచేసి, వేరే చోటికి వెళ్లాల్సొచ్చి వదిలేశాను. తర్వాత ఎప్పుడో కలిస్తే, "మీరూ వెళ్లిపోతారని నాకు ముందే తెలుసు సార్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఇప్పుడు ఎవరైనా మాతో పనిచేస్తానని వస్తే, వాళ్ల చదువు, అనుభవం తర్వాత అడుగుతాను. ముందు క్యాలెండర్ చూపించి, వచ్చే ఏడాది ఇదే నెల దాకా వారానికి ఒక రోజు తప్పకుండా రాగలరా అని అడుగుతాను. రాలేమంటే నొచ్చుకోను. పిల్లలకు సర్టిఫికెట్లు తెప్పించడం, పని ఇచ్చేవాళ్లతో మాట్లాడడం లాంటి పనులు చాలా ఉన్నాయి, అవి అప్పగిస్తాను. పిల్లాడి పక్కన మాత్రం వాళ్లను కూర్చోబెట్టను.