ఆల్చిప్పలకు ఉప్పు, వేడి: మేం తరచూ వినే అపోహలు

అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ బేలో, నదులు సముద్రంలో కలిసే చోట ఆల్చిప్పల ఆరోగ్యం చూడటం నా పని. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా రొయ్యల చెరువులున్న మా బాబాయి అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: వరద నీళ్లొస్తే ఆల్చిప్పలు చచ్చిపోతాయి.

వాస్తవం: ఏ కాలంలో వచ్చాయన్నదే ముఖ్యం. రొయ్య తన ఒంట్లో ఉప్పును తానే సర్దుకుంటుంది. ఆల్చిప్పకు ఆ శక్తి లేదు. బయట నీళ్లు ఎంత ఉప్పగా ఉంటే దాని ఒళ్లూ అంతే. నీళ్లు బాగా చప్పబడితే చిప్ప బిగించుకుంటుంది. ఇక తిండి ఉండదు, ఊపిరీ సరిగా అందదు. చలికాలమైతే ఒంటి పనులన్నీ మందగిస్తాయి కాబట్టి ఉన్న నిల్వతోనే వారాల తరబడి నెట్టుకొస్తుంది. అదే ఎండాకాలపు నీళ్లలో ఆ నిల్వ త్వరగా అయిపోతుంది, చిప్ప తెరవక తప్పదు. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను వరద ఇక్కడి ఎగువ ప్రాంతపు ఆల్చిప్పల దిబ్బల్లో అంత నష్టం చేయడానికి ఈ వేడి కూడా కారణం. 2019లో అమెరికా దక్షిణాన లూసియానాలో వరద మళ్లించే బానె కారె స్పిల్‌వే నుంచి జూలై చివరి వరకు, మొత్తం 123 రోజులు మిసిసిపీ నది నీళ్లు వదిలారు. దగ్గర్లోని మిసిసిపీ సౌండ్ అనే తీరపు సముద్రపాయలో 90 శాతానికి పైగా ఆల్చిప్పలు పోయాయి. ఆ జీవాల మీద బతికే కుటుంబాలను తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

అపోహ: అయితే ఉప్పు ఎక్కువుంటే క్షేమం.

వాస్తవం: ఇక్కడి ఆల్చిప్ప 14 నుంచి 28 పీపీటీ (వెయ్యి పాళ్ల నీళ్లలో ఇన్ని పాళ్ల ఉప్పు) మధ్య హాయిగా పెరుగుతుంది. కానీ దాన్ని తినేసే డెర్మో, ఎమ్ఎస్ఎక్స్ పరాన్నజీవులకూ ఉప్పు, వెచ్చదనమే కావాలి. ఎమ్ఎస్ఎక్స్ 1957లో డెలావేర్ బేలో, 1959లో చెసపీక్‌లో కనిపించింది. 20 డిగ్రీలు దాటిన నీళ్లలో ఉప్పు 10 పీపీటీ లోపు రెండు వారాలు ఉంటే అది పోతుంది. డెర్మో మొండిది. చప్పనీళ్లలో నెమ్మదిస్తుందే తప్ప ఆల్చిప్పను వదలదు. అందుకే వానలు తగ్గిన ఏడాది వేసవి చివర మాకు టెన్షన్.

అపోహ: జబ్బు చేసిన ఆల్చిప్ప తింటే మనకూ ఆ జబ్బే, నిమ్మరసం పిండితే పోతుంది.

వాస్తవం: డెర్మో, ఎమ్ఎస్ఎక్స్ మనుషులకు సోకవు. మనకు ప్రమాదం వెచ్చని నీళ్లలో పెరిగే విబ్రియో బ్యాక్టీరియాతో. అది నిమ్మరసానికి చావదు, బాగా ఉడికించాలి.

అపోహ: ఉప్పు ఎంతుందో తెలియాలంటే పైన నీళ్లు చూస్తే చాలు.

వాస్తవం: మంచినీళ్లు తేలిక, పైన పరుచుకుంటాయి. ఉప్పునీళ్లు అడుగున ఉంటాయి, ఆల్చిప్పలూ అక్కడే. పైన 6 పీపీటీ చూపించిన చోట దిబ్బ దగ్గర 12 ఉండొచ్చు. పోటుకీ పాటుకీ అదీ మారుతుంది. అందుకే మీటరును తాడు కట్టి దిబ్బ దాకా దించి, ఉప్పూ ఉష్ణోగ్రతా కలిపే రాసుకుంటాం.