బడి వంటగదిలోకి యంత్రం వచ్చిన దారి

కరెంటు లేని చోట సైకిల్ తొక్కుతూ సోయాబీన్ రుబ్బి బడిపిల్లలకు పాలు తీసే పరికరాన్నీ, ఎడారిలో మట్టి లేకుండా పచ్చగడ్డి మొలిపించే అరలనూ ఈ తరం ఆవిష్కరణలుగా చూపుతుంటారు. పరికరాలు కొత్తవే అయినా, పిల్లల ఆకలికీ చదువుకూ పొయ్యికీ కలిపి ఒకే లెక్క వేయాలన్న ఆలోచనకు రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర పొడుగునా మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఆ తిండిని ఎవరు, ఎక్కడ తయారు చేయాలి?

కౌంట్ రమ్‌ఫర్డ్‌గా పేరుపడిన బెంజమిన్ థాంప్సన్ అమెరికాలో పుట్టి, నేటి జర్మనీలోని బవేరియా పాలకుడి కొలువులో చేరిన భౌతిక శాస్త్రజ్ఞుడు. 1790లో ఆయన మ్యూనిక్ నగరంలోని బిచ్చగాళ్లను పనిశాలలకు చేర్చినప్పుడు, అక్కడి పిల్లలకు పని గంటల మధ్య చదవడం, రాయడం, లెక్కలు నేర్పే ఏర్పాటుతో పాటు బార్లీ, బఠానీలు, బంగాళదుంపలు, వెనిగర్, ఎండిన రొట్టెముక్కలతో కాచిన సూప్ కూడా పెట్టించాడు. బడి భోజనాల చరిత్ర రాసేవారు చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. అయితే ఆయన దృష్టి గిన్నెలో ఏముందన్న దానిపై ఎంత ఉందో, గిన్నె కింద ఎంత కట్టె కాలుతోందన్న దానిపైనా అంతే ఉంది. మంటను చుట్టూ మూసి వేడిని పాత్రకే అందించే పొయ్యిలను రూపొందించి, ఎంత కట్టెకు ఎంత వంట అవుతుందో కొలిచాడు. కట్టెల లెక్క బాగానే కుదిరింది గానీ పోషణ లెక్క తప్పింది. సూప్‌లో కలిసిన నీరు కూడా ఆహారంగా మారుతుందని ఆయన నమ్మాడు. శాస్త్రం పేరుతో పేదపిల్లల పళ్లెంలో నీళ్లు ఎక్కువ కావడం అలా తొలి అడుగులోనే జరిగింది.

కొలత పొయ్యి నుంచి పిల్లల మీదికి మళ్లడానికి మరో శతాబ్దం పైన పట్టింది. బ్రిటన్‌లో 1906 నాటి చట్టం బడిపిల్లలకు భోజనం పెట్టే అధికారాన్ని స్థానిక విద్యాధికార సంస్థలకు ఇచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి జులై వరకు బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో పాఠశాలల వైద్యాధికారి రాల్ఫ్ క్రౌలీ నలభై మంది పేదపిల్లలకు ఉదయం జావ, మధ్యాహ్నం భోజనం పెట్టించి, క్రమం తప్పకుండా బరువు తూచి, గీతపటం గీయించాడు. భోజనం సాగిన వారాల్లో పైకి లేచిన గీత, సెలవుల వారంలో కిందికి దిగింది. తర్వాతి కాలంలో ఎన్నో వాదనలకు ఆధారమైంది ఆ గీతే. నాకు మాత్రం ఆ నివేదికలో అంతకన్నా విలువైనదిగా కనిపించేది మరొకటి: బల్లల మీద గుడ్డలు పరిచారు, పూలు పెట్టారు, పెద్ద తరగతుల ఆడపిల్లలు ఏప్రన్లు కట్టుకుని చిన్నవారికి వడ్డించి, చివర్లో తామంతా కలిసి కూర్చుని తిన్నారు. భోజనం కూడా పాఠంలా సాగాలన్నది నిర్వాహకుల ఉద్దేశం. బరువుకు గీత ఉంది. వడ్డన నేర్పిన దానికి గీత లేదు. అందుకే కాబోలు, తర్వాతి దశాబ్దాల విధానకర్తలు మొదటిదాన్నే పట్టుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ వ్యవహారం వంటగది నుంచి కర్మాగారానికి తరలింది. అమెరికాలో 1946లో వచ్చిన జాతీయ పాఠశాల భోజన చట్టం పిల్లల ఆరోగ్యంతో పాటు, దేశంలో పండిన పంటల వినియోగాన్ని పెంచడాన్నీ తన లక్ష్యంగా బాహాటంగానే చెప్పుకుంది. మిగులు పాలపొడి ఓడల్లో దేశదేశాలకు చేరింది. 1966 నుంచి మొక్కజొన్న, సోయా, పాలపొడి కలిపిన మిశ్రమం అమెరికా ఆహార సహాయంలో భాగమైంది. ఇదే కాలంలో భిన్నమైన దారి పట్టినవారూ ఉన్నారు. 1949లో గ్వాటెమాలాలో ఏర్పడిన మధ్య అమెరికా, పనామా పోషకాహార సంస్థ, తొలి డైరెక్టర్ నెవిన్ స్క్రిమ్‌షా నాయకత్వంలో, ఖరీదైన పాలకు బదులు ఆ ప్రాంతంలోనే దొరికే మొక్కజొన్న పిండినీ పత్తిగింజల పిండినీ కలిపి 'ఇన్‌కాపరీనా'ను తయారు చేసింది. పశువుల దాణాగా పోయే గింజల చెక్కలో పిల్లలకు పనికొచ్చే మాంసకృత్తులు ఉన్నాయని గుర్తించడం చిన్న విషయం కాదు. అయినా ఆ రోజుల్లో లోకమంతటా మాంసకృత్తుల కొరతే అసలు సమస్యన్న పట్టుదల ఎంతగా ముదిరిందంటే, 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ 'లాన్సెట్' వైద్య పత్రికలో దాన్ని ఘోర వైఫల్యంగా వర్ణిస్తూ వ్యాసం రాయవలసి వచ్చింది. పిల్లలకు కడుపు నిండా తిండే లేనప్పుడు, తిన్న కాస్త మాంసకృత్తులూ శరీరానికి ఇంధనంగా ఖర్చయిపోతాయి. ఒక్క పోషకాన్ని విడదీసి పొట్లం కట్టి పంపితే తీరే సమస్య కాదది.

పొట్లమా, వండిన అన్నమా అన్న తగవు న్యాయస్థానాల దాకా కూడా వెళ్లింది. భారత సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఏడాదికి కనీసం 200 రోజులు, రోజుకు కనీసం 300 కెలోరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండేలా వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. జపాన్ 1954లోనే చట్టం చేసి బడి భోజనాన్ని విద్యలో భాగంగా గుర్తించింది. అక్కడ నేటికీ పిల్లలే తెల్లని అంగీలు, టోపీలు వేసుకుని తోటివారికి వడ్డిస్తారు. బ్రెజిల్ 2009 నాటి చట్టంతో, బడి భోజనాల కోసం కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతాన్ని కుటుంబ సేద్యం చేసే రైతుల నుంచి సరుకు కొనడానికే కేటాయించింది.

సోయా పాల యంత్రాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. సోయాబీన్‌లో దాదాపు 36 నుంచి 40 శాతం మాంసకృత్తులు ఉన్నా, దాన్ని పిల్లల చేత తాగించడానికి రెండు అడ్డంకులు ఉన్నాయి. నానిన గింజ నలిగిన వెంటనే అందులోని ఒక ఎంజైమ్ గాలితో కలిసి పచ్చివాసన పుట్టిస్తుంది. మరో పదార్థం, తగినంత వేడి తగలకపోతే, మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకుంటుంది. గింజను మరిగే నీటితోనే రుబ్బితే వాసన పుట్టదని 1960ల్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో తేల్చారు. కర్మాగారాల్లో ఇది తేలికే. కరెంటు లేని బడిలో ఎలా? కెనడాకు చెందిన మాల్‌న్యూట్రిషన్ మ్యాటర్స్ అనే స్వచ్ఛంద సంస్థ 'వీటాగోట్' పేరుతో దీనికి ఒక జవాబు చూపింది. ఒకరు సైకిల్‌లా తొక్కుతుంటే రాళ్లు తిరిగి పిండి నలుగుతుంది. కట్టెలతో మండే చిన్న బాయిలర్ నుంచి గొట్టం గుండా వచ్చే ఆవిరి మూతబిగించిన పాత్రలో ఆ పిండిని ఉడికిస్తుంది. తర్వాత గుడ్డలో పోసి మరతో నొక్కితే పాలు దిగుతాయి. కిలో గింజలకు సుమారు ఏడెనిమిది లీటర్ల పాలు వస్తాయి. మిగిలిన పిప్పిని రొట్టెల్లోనూ కూరల్లోనూ కలుపుకోవచ్చు, లేదా పశువులకు పెట్టవచ్చు. ఆ రుబ్బే రాళ్లతోనే ఎండు ధాన్యాన్నీ విసురుకోవచ్చు.

ఈ పరికరం ఒక సైన్సు గది చేయగల పని కూడా చేస్తుంది. ఆవిరి ఎందుకు అంత త్వరగా ఉడికిస్తుంది, పెద్ద పళ్లచక్రం ఒకసారి తిరిగితే చిన్నది ఎన్నిసార్లు తిరుగుతుంది, నిమ్మరసం పిండితే పాలు ఎందుకు విరిగి గడ్డకడతాయి అన్నవి పాఠ్యపుస్తకంలో బొమ్మలుగా కాక కళ్ల ముందు జరుగుతాయి. అయితే మూతకు వేసే రబ్బరు వాషర్ అరిగినా, రుబ్బే రాళ్లు నునుపెక్కినా దగ్గరలో బాగుచేసేవారు లేకుంటే ఈ యంత్రమూ మూలన పడుతుంది. సహాయ సంస్థలు యంత్రాలను అందించినంత ఉత్సాహంగా విడిభాగాలను అందించవన్నది ఈ రంగంలో పాత ఫిర్యాదే.

అల్జీరియాలో టిండూఫ్ దగ్గరున్న సహ్రావీల (పశ్చిమ సహారా ప్రజల) శరణార్థి శిబిరాల అనుభవం కూడా దీన్నే చెబుతుంది. మేకలకు మేత లేక పిల్లలకు పాలు కరువైన ఆ ఎడారిలో, ఐక్యరాజ్య సమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమం తోడ్పాటుతో అక్కడి ఇంజనీరు తాలెబ్ బ్రాహిం మట్టి లేకుండా బార్లీ మొలకలు పెంచే పద్ధతిని తెచ్చారు. నానబెట్టిన గింజలను ట్రేలలో పరిచి నీళ్లు చల్లుతూ ఉంటే వారం రోజుల్లో చాపలా అల్లుకున్న పచ్చిమేత చేతికొస్తుంది. మొదట దీనికి కంటెయినర్లలో అమర్చిన ఖరీదైన పరికరాలు వాడారు. ఆ తర్వాత శిబిరాల్లోనే దొరికే సామగ్రితో, మట్టి ఇటుకల గోడల మధ్య, కుటుంబాలు తామే కట్టుకుని నడుపుకోగల చవక నమూనాలు రూపొందాయి. వ్యాపించినవి ఈ రెండో రకమే.

ప్రపంచ ఆహార కార్యక్రమం 2022 నివేదిక ప్రకారం అప్పటికి ప్రపంచంలో దాదాపు 41.8 కోట్ల మంది పిల్లలకు బడిలో భోజనం అందుతుండేది. ఇలాంటి భోజనం వండే వంటగదుల్లో చాలావి ఇంకా కట్టెల మీదే నడుస్తున్నాయి. ఆ పొగను రోజూ పీల్చేది ఎక్కువగా వంట చేసే మహిళలే. 2021లో ఏర్పడిన బడి భోజనాల అంతర్జాతీయ కూటమి చర్చల్లోకి ఇప్పుడు ఆవిరి పాత్రలు, సౌరశక్తి, విద్యుత్ ప్రెషర్ కుక్కర్లు వచ్చి చేరాయి. రమ్‌ఫర్డ్ మొదలుపెట్టిన కట్టెల లెక్క మళ్లీ బల్ల మీదికి వచ్చింది. ఈసారి ఆ లెక్కలో వంటమనిషి ఊపిరితిత్తులను కూడా చేర్చవలసి ఉంది.