జోన్ నంబరు చెప్పని సంగతులు

2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ కదలిక హైదరాబాద్ దాకా తెలిసింది. ఇలాంటిది జరిగినప్పుడల్లా మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: భూకంప ముప్పును బట్టి దేశాన్ని విడగొట్టిన పటంలో మన ఊరు ఏ జోన్‌లో ఉంది? జోన్ అంకె పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. హైదరాబాద్ రెండో జోన్, విజయవాడ మూడో జోన్ అని 2002 నాటి పటం చెబుతుంది. ఆ అంకె వినగానే నిశ్చింతగా ఉండిపోవడమే నన్ను కలవరపెడుతుంది. మహారాష్ట్రలోని కిల్లారి అప్పటి పటంలో అన్నిటికన్నా తక్కువ ముప్పున్న ఒకటో జోన్‌లో ఉండేది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున అక్కడ వచ్చిన భూకంపం వేలమందిని నిద్రలోనే బలితీసుకుంది. మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు వాళ్ల మీదే కూలాయి.

నగరాల విషయంలో మరువకూడని పాఠం అహ్మదాబాద్‌ది. 2001 జనవరి 26న కచ్‌లో భచావ్ సమీపంలో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అహ్మదాబాద్ అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఆ నగరంలో పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు నేలమట్టమయ్యాయి. సుమారు 750 మంది చనిపోయారు. విచిత్రమేమిటంటే, కూలిన భవనం పక్కనే అంతే ఎత్తున్న మరో భవనం నిలబడే ఉంది. రెండూ ఒకే జోన్, ఒకే వీధి.

దీనికి సగం జవాబు నేల కిందే ఉంది. భూకంప తరంగాల్లో వేగంగా వణికించేవి దారిలోనే సన్నగిల్లుతాయి, నెమ్మదిగా ఊపేవి చాలా దూరం వెళతాయి. సబర్మతి వేల ఏళ్లుగా పేర్చిన ఒండ్రు మీద అహ్మదాబాద్ ఉంది. అలాంటి మెత్తని నేలలోకి వచ్చాక తరంగాల ఊపు పెరుగుతుంది. ఊయలను దాని లయకు సరిగ్గా అందేలా తోస్తే ఎలా ఎత్తుకు లేస్తుందో, భవనం కూడా అంతే. ఉజ్జాయింపుగా అంతస్తుకు సెకనులో పదో వంతు చొప్పున లెక్కేస్తే, పదంతస్తుల భవనం ఒకసారి అటూ ఇటూ ఊగడానికి సెకను పడుతుంది. నేల లయ, భవనం లయ కలిశాయా, ఇక చేటే. 1985లో మెక్సికో నగరంలో జరిగింది ఇదే. ఎప్పుడో పూడిపోయిన సరస్సు బురద మీద ఆ నగరం కట్టారు. ఆ బురద దాదాపు రెండు సెకన్ల లయతో ఊగింది. చిన్న ఇళ్లు చాలావరకు తట్టుకున్నాయి, మధ్యరకం ఎత్తున్న భవనాలు కుప్పకూలాయి.

అందుకే నగరానికి ఒకే అంకె చాలదు, పేట పేటకూ నేలను పరీక్షించాలి. ఆ పని చూడటానికి మోటుగా ఉంటుంది. బోరుగుంతలో దింపిన గొట్టం మీద దెబ్బ పడేలా 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే వదులుతారు. గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. దెబ్బలు తక్కువైతే నేల మెత్తన. కృష్ణ ఒండ్రు మీద పెరిగిన విజయవాడకూ, గ్రానైటు మీద కూర్చున్న హైదరాబాద్‌కూ ఈ లెక్క వేరుగా వస్తుంది. హైదరాబాద్‌లోనైనా పూడ్చిన చెరువుల మీద లేచిన కాలనీలను విడిగా చూడాలి.

మిగతా సగం జవాబు కట్టుబడిలో ఉంది. అహ్మదాబాద్‌లో కూలిన వాటిలో చాలావరకు కింది అంతస్తును పార్కింగ్‌కు వదిలినవే. పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలు ఉంటాయి కాబట్టి అవి పెట్టెలా బిగిసి ఉంటాయి. కింద ఒట్టి పిల్లర్లే. ఊపంతా వాటి మీదే పడుతుంది. ఆ పిల్లర్లలో నిలువు కడ్డీలను చుట్టే రింగులు దూరదూరంగా ఉండటం, రింగు కొనలను లోపలికి పూర్తిగా వంచకపోవడం శిథిలాల్లో బయటపడ్డాయి. అలాంటి రింగు ఊపుకు విచ్చుకుంటుంది, కాంక్రీటు పొడిపొడిగా రాలిపోతుంది. కడ్డీ వంచే మనిషి రెండు నిమిషాలు ఎక్కువ వెచ్చిస్తే నిలిచే ప్రాణాలివి.

లోపలి రింగులు బయటికి కనపడవు కానీ, చాలా లోపాలు వీధిలో నిలబడితేనే తెలుస్తాయి. శిక్షణ పొందిన ఇంజనీర్లు కాగితం పట్టుకుని వీధి వీధీ తిరుగుతారు. ఎన్ని అంతస్తులు, కింద పార్కింగ్ ఉందా, పై అంతస్తులు బయటికి పొడుచుకొచ్చాయా, పక్క భవనంతో సందు ఉందా అని చూసి మార్కులు వేస్తారు. తక్కువ మార్కులు వచ్చినవాటినే లోతుగా పరీక్షిస్తారు. ఆసుపత్రులు, బడులు, అగ్నిమాపక కేంద్రాలతోనే ఇది మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం. భూకంపం మరునిమిషం నుంచి ఊరికి దిక్కు అవే.

బలహీనమని తేలిన భవనాన్ని ప్రతిసారీ కూల్చనక్కర్లేదు. పిల్లర్ల చుట్టూ కొత్త కడ్డీలు కట్టి కాంక్రీటు తొడగవచ్చు. పార్కింగ్‌లో కొన్ని పిల్లర్ల మధ్య పునాది నుంచి కాంక్రీటు గోడలు లేపవచ్చు. దానికి రెండు మూడు కార్ల చోటు పోతుంది. అయితే గోడలన్నీ ఒకే పక్కన కడితే భవనం ఊగేటప్పుడు మెలితిరుగుతుంది. ఏ పిల్లర్ల మధ్య లేపాలో మేస్త్రీ అంచనాకు వదలకుండా, ఇంజనీరు చేత లెక్క కట్టించాలి.