స్వలింగ వివాహం: ‘మా జోలికి రావద్దు’ అన్న వాదన ఎక్కడ ఆగిపోయింది?

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో 1970లో ఇద్దరు మగవాళ్లు పెళ్లి లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకున్నారు. ఇవ్వలేదు. కేసు 1972లో సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఇందులో మేం పట్టించుకోవాల్సినంత రాజ్యాంగ ప్రశ్నే లేదని కోర్టు ఒక్క వాక్యంలో తేల్చేసింది.

అంతకు ఐదేళ్ల ముందు, 1967లో, నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య పెళ్లిని నేరం చేసిన వర్జీనియా చట్టాన్ని కొట్టేసింది ఇదే కోర్టు. ‘శిక్ష ఇద్దరికీ సమానమే కదా, ఇక వివక్ష ఎక్కడిది?’ అని వర్జీనియా అప్పుడు వాదించింది. ‘ఏ మగవాడైనా ఏ ఆడమనిషినైనా చేసుకోవచ్చు, రూలు అందరికీ ఒకటే’ అని స్వలింగ వివాహానికి అడ్డు చెప్పేవాళ్లు అనే మాట కూడా ఆ అచ్చులో పోసిందే. మొదటిసారి చెల్లని తర్కం రెండోసారి చెల్లిందంటే కారణం చట్టంలో లేదు, అలవాటులో ఉంది.

స్వలింగ జంటల పక్షాన ఇంకా పాత వాదన ఒకటుంది. ఇతరులకు హాని జరిగితే తప్ప మనిషి స్వేచ్ఛలో సమాజం తలదూర్చకూడదని ఇంగ్లండ్‌లో తత్వవేత్త జాన్ స్టువార్ట్ మిల్ 1859లో రాశాడు. పెద్దవాళ్లు ఇష్టపడి గుట్టుగా పెట్టుకునే స్వలింగ సంబంధం నేరం కాకూడదని అక్కడి ప్రభుత్వం వేసిన వూల్ఫెండెన్ కమిటీ 1957లో చెప్పింది. సారాంశం: మా జోలికి రావద్దు. కానీ పెళ్లికి ఆ వాదన సరిపోదు. పెళ్లి అడిగేవాళ్లు ప్రభుత్వాన్ని తప్పుకోమనడం లేదు, వచ్చి రిజిస్టర్‌లో రాయమంటున్నారు. ‘వదిలేశాం కదా, ఇంకేం కావాలి?’ అన్న ప్రశ్నను అందుకే తేలిగ్గా కొట్టేయలేం.

జవాబు న్యూయార్క్‌లోని ఒక పన్ను నోటీసులో దొరుకుతుంది. ఈడిత్ విండ్సర్, థియా స్పయర్ దశాబ్దాలు కలిసి బతికి, 2007లో టొరంటో వెళ్లి పెళ్లి చేసుకున్నారు. 2009లో థియా చనిపోయింది. ఆమె ఆస్తి ఈడిత్‌కు వచ్చినందుకు పడిన ఫెడరల్ పన్ను 3,63,053 డాలర్లు. పోయింది భర్త అయ్యుంటే పన్ను సున్నా. పెళ్లంటే ఆడ, మగ మధ్యదే అన్న ఫెడరల్ చట్టం దృష్టిలో థియా ఆమెకు ఏమీ కాదు. 2013లో సుప్రీంకోర్టు 5–4తో ఆ చట్టాన్ని కొట్టేసింది. 2015లో దేశమంతటా పెళ్లి హక్కు వచ్చింది, అదీ 5–4తోనే. ఇది కోర్టులు కాదు, ప్రజలు తేల్చుకోవాల్సిన విషయమని అసమ్మతి జడ్జీలు అన్నారు. ఆ అభ్యంతరంలో బలం లేకపోలేదు. అయితే నెదర్లాండ్స్‌లో 2001లోనే పార్లమెంటు ద్వారా ఈ పెళ్లిళ్లు వచ్చాయి. చట్టసభలకు చేతకాని పనేం కాదిది.

పెళ్లి పిల్లల కోసమే అన్న వాదనకు నాకు తెలిసి సూటి సమాధానం దక్షిణాఫ్రికా రాజ్యాంగ కోర్టుది. పిల్లలు పుట్టనివాళ్లనూ, వయసు మళ్లి పెళ్లి చేసుకునేవాళ్లనూ ఆ వాదన కించపరుస్తుందని 2005లో జస్టిస్ ఆల్బీ సాక్స్ రాశాడు. పేరు మార్చి వేరే ఏర్పాటు చేస్తే చాలదా అన్న ఆలోచనపైనా హెచ్చరించాడు. ‘వేరుగా, కానీ సమానంగా’ అన్న మాట వెనక ఏముంటుందో అపార్థీడ్ అనే జాతివివక్ష పాలన చూసిన దేశానికి వేరే చెప్పాలా?

మన దగ్గర ‘మా జోలికి రావద్దు’ అన్న వాదన గెలిచింది, ‘మా పెళ్లిని రిజిస్టర్‌లో రాయండి’ అన్నది ఓడింది. స్వలింగ సంబంధాలను నేరం చేసిన 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను పెద్దల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించకుండా 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చేసింది. 2023 అక్టోబర్ 17న మాత్రం పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలూ అన్నారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని తిరగరాయడం పార్లమెంటు పనే అన్నారు. పెళ్లి కాకపోయినా చట్టబద్ధమైన జంటగా గుర్తింపు పొందే హక్కు ఉందని ఇద్దరు ఒప్పుకున్నారు, ముగ్గురు కాదన్నారు.

ఆ తర్వాత 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది: ఈ జంటలు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు. అయితే నామినీ బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే మనిషి మాత్రమే. విల్లు రాయకుండా పోతే, ఆ డబ్బు చట్టప్రకారం వారసులదే. ఆ వారసుల వరుసలో, ఏళ్ల తరబడి కలిసి బతికిన మనిషి పేరు ఉండదు.