ఇంట్లో గరగర: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో టీవీలు, రేడియోలు బాగుచేస్తాను. యాంటెన్నా టీవీల రోజుల్లో బొమ్మ మీద గీతలు పడుతున్నాయని పిలిచేవారు. ఇప్పుడు రేడియోలో గరగర అనీ, ఫ్రీ డిష్‌లో (దూరదర్శన్ వారి ఉచిత డిష్ టీవీ) బొమ్మ ముక్కలవుతోందనీ పిలుస్తున్నారు. అప్పుడూ ఇప్పుడూ తప్పు మాత్రం వీధిదే అంటారు.

అపోహ: గరగర ట్రాన్స్‌ఫార్మర్ నుంచో, సెల్ టవర్ నుంచో వస్తుంది.

వాస్తవం: కరెంటు స్తంభం మీద వదులైన జాయింటు వల్ల వచ్చే మాట నిజమే. కానీ ముందు ఇల్లు చూసుకోండి. బ్యాటరీ రేడియోను మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి, మెయిన్ ఆపేయండి. ఇన్వర్టర్ కూడా ఆపాలి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. గరగర ఆగిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. మళ్లీ మెయిన్ వేసి, ఎంసీబీలు (మెయిన్ బోర్డులో ఇంటి ఒక్కో భాగానికి ఉండే స్విచ్‌లు) ఒక్కొక్కటే దించుతూ రండి. గది తెలిశాక రేడియో పట్టుకుని ఒక్కో వస్తువు దగ్గరికీ వెళ్లండి. గోడలో వైరింగ్ కూడా గరగరను మోస్తుంది కాబట్టి చెవిని పూర్తిగా నమ్మకండి, స్విచ్ ఆపి చూడటమే అసలు సాక్ష్యం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగకు పాకెట్ రేడియో చాలు.

మీడియం వేవే ఎందుకంటే, అది ఏఎం, అంటే సిగ్నల్ బలం హెచ్చుతగ్గులతో శబ్దాన్ని మోసే పద్ధతి. స్పార్కు పడితే వెంటనే వినిపిస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్పులతో మోసే ఎఫ్‌ఎం చాలావరకు తట్టుకుంటుంది. పాత టీవీలో బొమ్మ ఏఎం, మాట ఎఫ్‌ఎం. అందుకే మిక్సీ వేస్తే బొమ్మ నిండా చుక్కలు పడేవి, వార్తలు మాత్రం శుభ్రంగా వినిపించేవి.

అపోహ: ఎల్‌ఈడీ బల్బుకి గరగరతో ఏం పని?

వాస్తవం: దాసన్నపేటలో ఒక మామ్మ, "విశాఖ స్టేషన్ సాయంత్రమైతే పాడైపోతంది, ఏటో చూడు బాబూ" అన్నారు. అప్పటికే రేడియో కూడా మార్చేశారట. దీపాల వేళకి వెళ్లాను. దేవుడి గూట్లో చవక ఎల్‌ఈడీ బల్బు వెలిగింది, రేడియో గరగరమంది. బల్బు లోపలి సర్క్యూట్ కరెంటును సెకనుకి వేలసార్లు ఆపి వేస్తుంది. ఆ రొదను ఆపే ఫిల్టర్ భాగాలను చవక రకాల్లో పెట్టరు. ఫోన్ చార్జర్లదీ అదే కథ. "పోనీలే, నూనె దీపం గరగరమనదు కదా" అన్నారు మామ్మ.

నున్నగా తిరిగే ఫ్యాను రెగ్యులేటర్ కూడా అనుమానితుడే. టిక్కు టిక్కుమని ఒకటి, రెండు, మూడు అంటూ తిరిగే రకం సాధారణంగా నిశ్శబ్దంగా ఉంటుంది.

అపోహ: బూస్టర్ (సిగ్నల్ పెంచే పెట్టె) పెడితే గరగర పోతుంది.

వాస్తవం: సిగ్నల్‌తో పాటు గరగరనీ పెంచుతుంది. డబ్బు దండగ.

అపోహ: ఫ్రీ డిష్ ముక్కలవడం కూడా బల్బుల పనే.

వాస్తవం: దాదాపు ఎప్పుడూ కాదు. ఆ సిగ్నల్ ఉండే గిగాహెర్ట్జ్‌ల (చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీల) దాకా బల్బు రొద చేరదు. మన జిల్లాల నుంచి ఫ్రీ డిష్ ఉపగ్రహం (93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండేది) దక్షిణ ఆగ్నేయంగా, బాగా ఎత్తులో ఉంటుంది. ఆ దారిలో కొబ్బరి మట్ట అడ్డొచ్చినా చాలు. గాలికి డిష్ కదలడం మరో కారణం. 2018లో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం వైపు ఎన్ని డిష్‌లు తిప్పానో లెక్కలేదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది నీళ్లు దిగిన కనెక్టర్. విప్పి చూస్తే లోపలి తీగ చిలుము పట్టి ఉంటుంది. ఆ ముక్క కోసేసి కొత్తది వేయండి. కేబుల్‌ను కనెక్టర్ కిందుగా కాస్త వేలాడేలా కడితే వాన నీళ్లు అక్కడే జారిపోతాయి.