పాత బ్రిటిష్ యుద్ధవిమానాలు, వాటి కాక్‌పిట్లు: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో పాత యుద్ధవిమానాల కాక్‌పిట్లను (పైలట్ కూర్చునే చోట్లను) బాగుచేయడం, దొరికిన ముక్క ఏ విమానానిదో తేల్చడం నా పని. హైదరాబాద్, విశాఖ, బెంగళూరు నుంచి కూడా ఫొటోలు వస్తుంటాయి. తాతగారి పెట్టెలో బయటపడ్డ డయల్, పాత సామాన్ల కొట్లో కొన్న స్విచ్, ఎవరో ఇచ్చిన దిక్సూచి... వాటితో వచ్చే ప్రశ్నల్లో కొన్ని నమ్మకాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒకటిరెండు ఆరోగ్యానికే చేటు. మిగతావి వస్తువుకి చేటు. విమానం అసలు చరిత్ర దాని రేకుల మీదే ఉంటుంది, అదీ గోరంత ముద్రల్లో, పెయింటు పొరల్లో. ఎండకీ వానకీ పోయినవాటి కంటే మనుషులు తెలియక తుడిచేసినవే ఎక్కువని నా గట్టి అభిప్రాయం.

అపోహ: డయల్ చీకట్లో మెరవడం లేదు, కాబట్టి దాంట్లో రేడియం లేదు, ఉన్నా పనైపోయింది.

దీన్ని అన్నిటికంటే ముందు చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ విమానాల డయళ్ల మీద అంకెలకి, ముళ్లకి రేడియం కలిపిన పెయింటు పూసేవారు. ఆ పెయింటులో రెండు పదార్థాలుంటాయి. రేడియం కిరణాలు వెదజల్లుతుంది. జింక్ సల్ఫైడ్ ఆ కిరణాల దెబ్బకి వెలుగుతుంది. కాలం గడిచేకొద్దీ పాడయ్యేది జింక్ సల్ఫైడే. అందుకే వెలుగు పోతుంది. రేడియం-226 సగానికి తగ్గడానికి సుమారు 1600 ఏళ్లు పడుతుంది. అంటే 1940లో పూసినది ఈ రోజుకీ దాదాపు అంతే ఉంది. అంకెలు గోధుమరంగులోకి మారి, అట్టలు కట్టి, పెళుసుబారి ఉంటే అది పాతబడి బలం తగ్గిన గుర్తు కాదు, పొడి రాలే గుర్తు. ఆ పొడి ఊపిరితోనో, చేతి వేళ్ల ద్వారానో లోపలికి పోవడమే అసలు ప్రమాదం.

కాబట్టి అద్దం విప్పొద్దు, గీకొద్దు, బ్రష్‌తో దులపొద్దు. గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి. పడకగదిలో, పిల్లలు తిరిగేచోట ఉంచకండి. రేడియం నుంచి రాడాన్ వాయువు వస్తుంది, అందుకని గాలి ఆడే చోటే పెట్టాలి, ఒకేచోట చాలా డయళ్లు పోగేయకూడదు. రేడియేషన్ కొలిచే మీటరుతో పరీక్షించకుండా కొరియర్‌లో పంపొద్దు. భారత్‌లో ఇలాంటి విషయాలు చూసేది అణుశక్తి నియంత్రణ మండలి. అనుమానం ఉంటే వాళ్లని అడగడంలో తప్పులేదు. ఆ యుద్ధకాలపు బ్రిటిష్ ఫైటర్ విమానం స్పిట్‌ఫైర్‌లో వాడిన పీ8 రకం దిక్సూచి మీద కూడా ఈ పెయింటే ఉంటుంది. డయళ్లకే పరిమితం అనుకోవద్దు.

అపోహ: "ఇది స్పిట్‌ఫైర్ ఆల్టిమీటర్" (ఎత్తు చూపే డయల్) అని అమ్మినవాడు చెప్పాడు, కాబట్టి అది స్పిట్‌ఫైర్‌దే.

అలా చెప్పడం తేలిక, నిరూపించడం దాదాపు అసాధ్యం. 1930ల చివర్లో బ్రిటిష్ వైమానిక దళం ఆరు ముఖ్యమైన పరికరాలని ఒకే ప్యానెల్ మీద, ఒకే అమరికలో పెట్టడం మొదలుపెట్టింది. పై వరసలో వేగం చూపేది, విమానం వంపు చూపే కృత్రిమ క్షితిజం, ఎక్కే-దిగే రేటు చూపేది. కింద ఆల్టిమీటర్, దిశ చూపే గైరో, మలుపు-జారుడు చూపేది. స్పిట్‌ఫైర్‌లోనూ ఇదే ప్యానెల్, ఇంకో ఫైటర్ హరికేన్‌లోనూ ఇదే, నాలుగు ఇంజిన్ల బాంబర్ లాంకాస్టర్‌లోనూ ఇదే. ఒక విమానం మీద శిక్షణ పొందిన పైలట్ ఇంకోదాంట్లో కూర్చుంటే కళ్లు వెతుక్కోకూడదని అలా చేశారు. అందువల్ల పరికరం ఒక్కటే విడిగా చేతికొస్తే అది ఏ విమానంలో ఎగిరిందో చెప్పలేం. అమ్మినవాళ్లు స్పిట్‌ఫైర్ పేరు చెప్పేది ఎందుకంటే ఆ పేరుకి ధర ఎక్కువ.

మరి ఏం చెప్పగలం? చాలానే చెప్పగలం. వెనక్కి తిప్పి చూడండి. "6ఏ" అని మొదలై, గీత తర్వాత అంకెలు ఉంటే అది వైమానిక దళం స్టోర్సు నంబరు. 6ఏ అంటే విమాన పరికరాలు, 5సీ అంటే స్విచ్‌ల్లాంటి కరెంటు సామాను, 22సీ అంటే పైలట్ల దుస్తులు, హెల్మెట్లు. పక్కన కిరీటం, కింద "ఏఎం" అన్న అక్షరాలుంటే ఎయిర్ మినిస్ట్రీ సొత్తు. ఆ శాఖ 1964లో రక్షణ శాఖలో కలిసిపోయింది. కిరీటం ఆకారాన్ని భూతద్దంలో చూడండి. పై కమానులు గుండ్రంగా ఉబ్బి ఉంటే రాజు కాలం నాటిది. నడిమధ్యలో కిందికి నొక్కినట్టు ఉంటే 1952లో ఎలిజబెత్ రాణి అయ్యాక వచ్చినది.

ఇంకో తేలికైన పరీక్ష ఉంది. వేగం డయల్ మీద ఏ కొలత ఉందో చదవండి. యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళం గంటకి మైళ్లలో చదివేది, నాటికల్ మైళ్ల లెక్కైన నాట్లకి యుద్ధం అయ్యాకే మారింది. నౌకాదళం వాళ్లవి మాత్రం ముందు నుంచీ నాట్లే. 1940 నాటి స్పిట్‌ఫైర్ అని పేరుపెట్టిన కాక్‌పిట్‌లో నాట్ల డయల్ కనిపిస్తే, కనీసం ఆ ఒక్క పరికరం వేరే చోటు నుంచి వచ్చిందని అర్థం.

అపోహ: ఒంటి మీద పెయింటుతో రాసిన నంబరే విమానం గుర్తింపు.

పెయింటు ఎవరైనా వేయొచ్చు. బ్రిటిష్ సైనిక విమానాల సీరియల్ నంబరు ఒకప్పుడు ఒక అక్షరం, నాలుగు అంకెలు. ఆ వరస అయిపోయాక రెండు అక్షరాలు, మూడు అంకెలు. శత్రువు మొత్తం ఎన్ని విమానాలు తయారయ్యాయో లెక్కగట్టకుండా మధ్యమధ్యలో నంబర్లని కావాలనే వదిలేశారు. కాబట్టి వరస నంబర్లు చూసి లెక్కలు వేయకూడదు. ఎగరడం మానేసి మెకానిక్‌ల శిక్షణకి ఇచ్చిన విమానాలకి చివర ఎం అక్షరం ఉన్న మరో నంబరు ఇచ్చేవారు. అలా ఒకే విమానానికి రెండు నంబర్లుంటాయి, రెండూ నిజమైనవే.

నేను నమ్మేది రేకు మీది ముద్రల్ని. స్పిట్‌ఫైర్ భాగాల నంబర్లు చూడండి. 300తో మొదలైతే ఆ భాగం మొదటి మార్క్ (అంటే మోడల్) డిజైన్‌లో పుట్టింది. 349 అయితే మార్క్ ఐదు, 361 అయితే మార్క్ తొమ్మిది, 379 అయితే మార్క్ పద్నాలుగు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 300 నంబరు భాగం మార్క్ తొమ్మిదిలో కూడా ఉండొచ్చు, ఎందుకంటే మార్చాల్సిన అవసరం లేని భాగాల్ని పాత డ్రాయింగ్ ప్రకారమే చేస్తూ పోయారు. కానీ 361 నంబరు భాగం 1940లో బ్రిటన్ మీద జరిగిన గగనయుద్ధంలో పాల్గొనే అవకాశమే లేదు, అప్పటికి ఆ డిజైనే లేదు. అంటే నంబరు "ఇంతకంటే ముందుది కాదు" అని మాత్రమే చెప్తుంది. దాని పక్కన ఇన్‌స్పెక్టర్ కొట్టిన బుల్లి ముద్ర ఉంటుంది. అందులో సీబీఏఎఫ్ అని ఉంటే కాజిల్ బ్రామిచ్ ఫ్యాక్టరీలో తయారైంది. ఈ ముద్రలు ఎదురుగా లైటు వేస్తే కనిపించవు. టార్చిని రేకుకి ఆనించినట్టు పక్క నుంచి పట్టుకుంటే, నీడ పడి అక్షరాలు లేస్తాయి.

ముద్రలు చెప్పినదాన్ని కాగితాలతో సరిపోల్చాలి. ఫారం 78 అనే కార్డు మీద విమానం ఏ యూనిట్ నుంచి ఏ యూనిట్‌కి వెళ్లిందో ఉంటుంది, ఫారం 1180 మీద ప్రమాదాల వివరాలు. రెండు మూడు విమానాల ముక్కలు కలిపి కట్టిన కాక్‌పిట్లు చాలా ఉన్నాయి. అది నేరం కాదు. ఏ ముక్క దేని నుంచి వచ్చిందో రాసి పెట్టకపోవడమే తప్పు.

అపోహ: బ్రిటిష్ కాక్‌పిట్ అంటే ఆకుపచ్చ రంగు, డబ్బా కొని పూసేస్తే సరి.

యుద్ధకాలపు ఫైటర్ల లోపల కనిపించే బూడిద-ఆకుపచ్చకి ఇవాళ్టి బ్రిటిష్ ప్రమాణాల్లో దగ్గరిది బీఎస్ 381సీ అనే రంగుల పట్టికలో 283 నంబరు. అప్పట్లో ఫ్యాక్టరీకీ ఫ్యాక్టరీకీ ఛాయ మారేది. స్పిట్‌ఫైర్ పైలట్ సీటుకి అసలు ఆకుపచ్చే అక్కర్లేదు. రెజిన్ పట్టించిన పదార్థంతో అచ్చుపోసిన సీట్లు ఎర్రటి గోధుమరంగులో అలాగే ఉండేవి. తుప్పు రంగనుకుని వాటికి ఆకుపచ్చ కొట్టేసినవాళ్లున్నారు. యుద్ధం తర్వాతి జెట్‌లలో చాలావాటి లోపల నలుపు, ఆ తర్వాతి వాటిలో బూడిదరంగు.

రంగు తేల్చడానికి నేను చేసేది ఇది. ప్యానెల్ వెనకవైపు, ఎండ తగలని మూల చూసుకుంటాను. రూపాయి బిళ్ల అంత చోట బాగా నున్నటి ఉప్పుకాగితాన్ని తడిపి, ఒకే చోట నెమ్మదిగా గుండ్రంగా రుద్దుతాను. మధ్యలో లోహం బయటపడేసరికి చుట్టూ పొరలన్నీ వలయాల్లా కనిపిస్తాయి. బయటి వలయం చివరగా వేసిన రంగు, లోహానికి ఆనుకున్నది మొదటిది. ఒక జెట్ ముక్కు భాగంలో పైన బూడిద, దాని కింద నలుపు, మళ్లీ సన్నటి ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) గీత కనిపించాయి. విమానం మధ్యలో ఒకసారి పెద్ద మరమ్మతుకి వెళ్లిందని కాగితం దొరక్కముందే ఆ వలయాలు చెప్పాయి. ఇసుకని జోరుగా కొట్టి పెయింటు మొత్తం ఊడగొడితే ఆ సాక్ష్యం ఐదు నిమిషాల్లో పోతుంది. ఆ పని చేయొద్దని బతిమాలుతున్నాను.

అపోహ: నిజాం ఇచ్చిన విమానాలు ఏవీ మిగల్లేదు.

హైదరాబాద్ వాళ్లు అడిగితే నాకు సంతోషంగా ఉండే ప్రశ్న ఇది. 1918లో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్ డీహెచ్-9ఏ బాంబర్లకి నిజాం డబ్బిచ్చారు, ఆ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు పెట్టారు. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మన్లకి చిక్కింది, అందులోని ఇద్దరూ ఖైదీలయ్యారు. విమానాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండ్ చేరింది, క్రాకోవ్ మ్యూజియంలో ఉండిపోయింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ని ఇచ్చి దాన్ని బ్రిటన్‌కి తెచ్చుకున్నారు. ఇప్పుడు అది లండన్‌లోని ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియం సొత్తు. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కి కూడా హైదరాబాద్ పేరే. 1940లో వాళ్లు డోర్సెట్‌లోని వామ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు నడిపారు.

అపోహ: కొత్త చెక్క, కొత్త రేకు వేస్తే అది నకలే.

దీనికి బికనీర్ విమానాలే మంచి ఉదాహరణ. మొదటి యుద్ధం తర్వాత బ్రిటన్ ఇచ్చిన డీహెచ్-9 బాంబర్లు కొన్ని బికనీర్ మహారాజు ఏనుగుల శాలలో దశాబ్దాల పాటు పడి ఉన్నాయి. చెక్క భాగాల్ని చెదలు తినేశాయి, లోహపు అమరికలు మాత్రం మిగిలాయి. వాటిలో రెండిటిని బ్రిటన్‌కి తెచ్చి బాగుచేశారు. ఒకటి డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది, ఇ8894 అనేది 2019లో మళ్లీ గాల్లోకి లేచింది. దాని చెక్కలో ఎక్కువ భాగం కొత్తది, అలా కొత్తది వేయకుండా ఎగరనివ్వరు, ఎగరనివ్వకూడదు కూడా. నా దృష్టిలో అది నకలు కాదు. మొదటి నుంచీ తెగని చరిత్ర, అసలు భాగాలు, ఏది కొత్తదో దాచని రికార్డు, ఈ మూడూ ఉన్నాయి. ఎగరాల్సిన అవసరం లేని మ్యూజియం విమానం విషయంలో మాత్రం నేను పాత రేకునే ఉంచమంటాను, సొట్టలతో సహా.

అపోహ: అరవై ఏళ్ల నాటి ఎజెక్షన్ సీటు (ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే సీటు), ఇప్పుడేం పేలుతుంది?

పేలుతుంది. మార్టిన్-బేకర్ కంపెనీ సీటుతో ఒక మనిషి విమానం నుంచి మొదటిసారి బయటికి దూకింది 1946 జులై 24న. అప్పటి నుంచీ ఈ సీట్లని పైకి విసిరేది పేలుడు తూటాలే. ఎర్ర జెండా పిన్ను గుచ్చి ఉందంటే తాత్కాలికంగా ఆపారని మాత్రమే, లోపల తూటాలు లేవని కాదు. అర్హత ఉన్నవాళ్లు తీసేసినట్టు కాగితం చూసేదాకా సీట్లో కూర్చోకండి, పిల్లల్ని అసలే కూర్చోబెట్టకండి. సీ హారియర్ జెట్ కానొపీ (కాక్‌పిట్ పైమూత) గాజు మీద పాములా వంకరగా పోయే గీత కూడా అలంకారం కాదు, గాజుని పగలగొట్టే పేలుడు తాడు. విశాఖలో ప్రదర్శనకి పెట్టిన సీ హారియర్ దగ్గరికి వెళ్లినప్పుడు వెతికి చూడండి.

అపోహ: బర్మాలో పెట్టెల్లో పాతిపెట్టిన స్పిట్‌ఫైర్లు ఇంకా ఉన్నాయి, దొరికినవాళ్లదే భాగ్యం.

2013లో యాంగూన్ విమానాశ్రయం దగ్గర పెద్ద ఎత్తున తవ్వి చూశారు. ఏమీ దొరకలేదు. ఇక బ్రిటన్‌లోనైతే నేల కూలిన సైనిక విమానం ఎవరి పొలంలో పడినా 1986 నాటి సైనిక అవశేషాల రక్షణ చట్టం కిందికి వస్తుంది. రక్షణ శాఖ లైసెన్సు లేకుండా తవ్వితే నేరం. మనిషి అవశేషాలు ఉండే అవకాశం ఉన్నచోట లైసెన్సు సాధారణంగా ఇవ్వరు.

మీ దగ్గర ఏదైనా ఉంటే తుడవకుండా, విప్పకుండా ముందూ వెనకా ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. నంబరు ఉన్న చోట టార్చి పక్క నుంచి వేసి ఇంకో ఫొటో తీయండి. ఎక్కడ, ఎవరి నుంచి వచ్చిందో తెలిసినంతవరకు రాయండి, "మా నాన్న ఎవరి దగ్గరో కొన్నాడు" అన్నా సరే. రేడియం అనుమానం ఉంటే మాత్రం ముందు సంచిలో పెట్టండి, ఫొటో తర్వాత.