బాలింత పొట్ట: వేళ్ళు చెప్పే లెక్క

కాన్పయిన మర్నాడు నర్సమ్మ వచ్చి బొడ్డు దగ్గర వేళ్ళతో నొక్కి చూస్తుంది. గర్భసంచి పై అంచు ఎంతవరకు దిగిందో చూడటానికే అది. కాన్పు కాగానే సుమారు బొడ్డు ఎత్తులో ఉండే ఆ అంచు రోజుకో వేలు మందం కిందికి దిగుతుంది. పది, పద్నాలుగు రోజులయ్యేసరికి పైనుంచి చేతికి తగలదు. కాన్పు నాడు దాదాపు కిలో తూగే సంచి ఆరు వారాల్లో వంద గ్రాముల లోపుకి వచ్చేస్తుంది. "బిడ్డ బయటికొచ్చినా పొట్ట తగ్గలేదేంటి?" అని టెన్షన్ పడే తల్లికి ముందు చెప్పాల్సిన సంగతి ఇది. నడుముకు గుడ్డ కడితే ఆసరాగా, హాయిగా ఉంటుంది. కొవ్వు మాత్రం దాంతో కరగదు.

కడుపుతో ఉన్నప్పుడు 11 కిలోలు పెరిగారనుకుందాం. బిడ్డ 3 కిలోలు, మాయ, ఉమ్మనీరు, పోయిన రక్తం అన్నీ కలిపి కాన్పు రోజే దాదాపు 5 కిలోలు దిగిపోతాయి. ఒంట్లో చేరిన అదనపు నీరు తర్వాతి వారం, రెండు వారాల్లో మూత్రంగా, చెమటగా పోతుంది. అర్ధరాత్రి జాకెట్టు తడిసిపోయి లేచే బాలింతలు ఎందరో! జ్వరం లేకపోతే దానికి భయపడక్కర్లేదు. మిగిలిన మూడు, నాలుగు కిలోల్లో ఎక్కువ భాగం కొవ్వే. పాల కోసం శరీరం ముందే దాచిపెట్టుకున్న సరుకది.

రోజుకు ముప్పావు లీటరు పాలు తయారవడమంటే చిన్న పనేం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో, మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. అంటే కప్పు అన్నం, కప్పు పప్పు, ఒక గుడ్డు, గ్లాసు పాలు, పైన ఓ చిన్న అరటిపండు. మన ఇళ్ళలో జరిగేది వేరు. నెయ్యి ధారాళంగా పోస్తారు, కూరలూ పళ్ళూ పథ్యమంటూ ఆపేస్తారు, మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఆ నీళ్ళ కట్టడే. కాన్పు తర్వాత రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది, నీళ్ళు తక్కువైతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. తిండి మానేస్తే పాలకంటే ముందు దెబ్బ తినేది తల్లి ఒళ్ళే.

మరి తగ్గడం ఎలా? అమెరికాలో అధిక బరువుతో ఉండి పాలిస్తున్న 40 మంది తల్లులపై చేసిన అధ్యయనం ఒకటి 2000లో వచ్చింది. బిడ్డకు నెల నిండాక సగం మంది రోజుకు 500 కేలరీలు తగ్గించుకుని, వారానికి నాలుగు రోజులు వ్యాయామం చేశారు. వారానికి సుమారు అరకిలో చొప్పున తగ్గారు. పిల్లల ఎదుగుదలలో తేడా రాలేదు. కానీ అది లావుగా ఉన్నవాళ్ళ సంగతి. రక్తం తక్కువై నీరసంగా ఉన్న మనిషి ఆ లెక్క పట్టుకోకూడదు. బరువు తగ్గించే మాత్రలూ పొడుల జోలికి అసలే వద్దు.

నడక మంచి మొదలు. సిజేరియనైతే బరువైన వ్యాయామాలు డాక్టరు సరేనన్నాకే. పొట్ట వ్యాయామాలకు ముందు ఇంకో పరీక్ష ఉంది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, తల కాస్త పైకెత్తి, బొడ్డు దగ్గర మధ్యగీత మీద వేళ్ళు అడ్డంగా పెట్టి నొక్కండి. రెండు వేళ్ళకంటే ఎక్కువ సందు తగిలితే కండరాలు ఇంకా దగ్గరపడలేదన్నమాట. అలాంటప్పుడు పడుకుని లేచే సిటప్స్ మొదలుపెట్టకుండా ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి.